అప్‌డేట్: మాత్రలు వేసుకున్నాను, బాగానే ఉన్నాను

"పాపకి తొమ్మిది నెలలే, మళ్లీ నెల తప్పింది, మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు కొనేసుకోవచ్చా?" అని అడిగింది నేనే. కొనలేదు. అమలాపురం వెళ్లి డాక్టరమ్మకి చూపించుకున్నాను. స్కాన్‌లో 7 వారాలు. గర్భసంచిలోనే ఉంది. ట్యూబులో ఉంటే మాత్రలు పనిచేయవట, ప్రాణం మీదకొస్తుందట. 9 వారాల్లోపు మాత్రలు, దాటితే 12 వారాల దాకా గొట్టంతో తీసేస్తారట. 18 నిండితే మన సంతకమే చాలు, ఆయనది అడగనేలేదు!

మొదటి మాత్ర అక్కడే మింగించారు. రెండు రోజులకి మిగతా నాలుగు. ఆ మధ్యాహ్నం మంచంకోడు పట్టుకుని పళ్లు బిగించాను. గంటకి రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిస్తే పరుగెత్తుకు రమ్మన్నారు; అంత అవలేదు. బొప్పాయికాయ తినమన్న పక్కింటి పిన్నిగారికి మాత్రం ఏమీ చెప్పలేదు. 14వ రోజు చూసి అంతా పోయిందన్నారు. వచ్చే నెల కాపర్‌టీ వేయించుకుంటున్నాను.