అప్‌డేట్: బార్సిలోనాలో చెల్లి మోడలింగ్ సంగతి

బార్సిలోనాలో మాస్టర్స్ చదువుతున్న మా చెల్లికి జారా, మాంగో లాంటి స్పానిష్ బ్రాండ్లకు మోడలింగ్ చేయాలని ఉందని, వాట్సాప్‌లో ఒకాయన పోర్ట్‌ఫోలియోకి (మోడల్ ఫొటోల ఆల్బమ్‌కి) ముందే డబ్బు కట్టమంటున్నాడని అప్పట్లో అడిగాను కదా. కట్టలేదండీ. వద్దని చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్. సరైన ఏజెన్సీ పని ఇప్పించాక కమీషన్ తీసుకుంటుంది గానీ, చేర్చుకోవడానికి ఫీజు అడగదు.

బ్రాండ్లు మోడళ్లను ఎక్కువగా ఏజెన్సీల ద్వారానే తీసుకుంటాయి. జారా మాతృసంస్థ ఇండిటెక్స్ ఉండేది గలీసియాలో, బార్సిలోనాకి చాలా దూరం. మాంగో, దెసిగువల్, పెళ్లి గౌన్ల ప్రొనోవియాస్ మాత్రం బార్సిలోనా వైపువే. ఆ రకంగా చెల్లికి ఊరు కలిసొచ్చింది.

మేకప్ లేకుండా, సాదా బట్టల్లో, పగటి వెలుతురులో ఫోన్‌తోనే ఫొటోలు తీయించుకుంది. ఎత్తు, కొలతలు రాసి ఏజెన్సీలకు పంపింది. ఒక ఏజెన్సీ వాళ్లు పిలిచి మాట్లాడారు. ర్యాంప్‌కి ఎత్తు చాలదట, ఆన్‌లైన్ అమ్మకాల ఫొటోలకు బాగుంటుందట. నిజానికి రోజువారీ పని ఎక్కువుండేది అక్కడే.

సన్నబడాలని తిండి మానేస్తుందేమోనని అమ్మకి టెన్షన్. మాడ్రిడ్ ఫ్యాషన్ వీక్‌లో 2006లోనే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 18 కంటే తక్కువున్న మోడళ్లను ఆపేశారని చెబితే కాస్త కుదుటపడింది. నా బెంగ వేరే. 2024లో మాంగో టీనేజ్ బట్టల ప్రచారానికి ఏఐతో చేసిన మోడళ్లను వాడింది. అందుకే చదువు మాత్రం ఆపొద్దని గట్టిగా చెప్పాను.

కాంట్రాక్టు స్పానిష్‌లో ఉంది. స్టూడెంట్ పర్మిట్ మీద ఈ పని చేయొచ్చో లేదో కూడా లాయర్‌తో చూపించాకే సంతకం పెడుతుంది.