గ్రాహకం: పట్టుకునేదా, తెలుసుకునేదా?

పరిశోధనల కోసం అమ్మే ఒక ప్రోటీన్ వివరాల పత్రాన్ని తెలుగు చేస్తున్నాను. అందులోది మనిషి పీడీ-1, రోగనిరోధక కణాల మీద ఉండే ఒక ప్రోటీన్. ‘రీకాంబినెంట్ హ్యూమన్ ఇమ్యూన్ సెల్ రిసెప్టర్ ప్రోటీన్’కు ‘పునఃసంయోజిత మానవ రోగనిరోధక కణ గ్రాహక ప్రోటీన్’ అని రాశాను. మాటకు మాట సరిపోయింది కానీ అర్థం తేలడం లేదు. గ్రాహకం మార్చేసి ‘స్వీకర్త’ అననా?

— వద్దండీ, గ్రాహకం చాలా మంచి మాట. మనకు గ్రహించడమంటే తీసుకోవడమూ, తెలుసుకోవడమూ. టీ కణం (ఒక రకం రోగనిరోధక కణం) మీద ఉండే పీడీ-1 చేసేదీ ఆ రెండే. ఎదుటి కణం మీది పీడీ-ఎల్1 అనే జోడీ ప్రోటీన్ తగిలితే పట్టుకుంటుంది, పట్టుకున్నాక ‘ఇక తగ్గు’ అని లోపలికి కబురు పెడుతుంది. స్వీకర్త అంటే ఆ రెండోది పోతుంది. గ్రహీత అన్నా కుదరదు, అది అవార్డు పొందినవాళ్లకు స్థిరపడిపోయింది.

కాకపోతే ఇలా తయారుచేసి అమ్మేవి చాలావరకు గ్రాహకంలో కణం బయట ఉండే భాగం మాత్రమే. కణం పొరలో దిగే ముక్క, లోపలి తోక ఉండవు. కొసన తరచూ ఆరు హిస్టిడిన్లు (అదో అమినో ఆమ్లం) తగిలిస్తారు, నికెల్‌కు అంటుకుని శుద్ధి చేయడం తేలికవుతుందని. అంటే అది పట్టుకుంటుంది, కబురు మాత్రం పెట్టలేదు. గ్రహించడంలో సగమే. ‘గ్రాహకం బయటి భాగం’ అని తప్పకుండా రాయండి.

నన్ను ఇబ్బంది పెట్టేది ‘పునఃసంయోజిత’. ప్రోటీన్‌ను విరిచి మళ్లీ అతికించారేమో అనిపిస్తుంది. నిజానికి కలిపింది డీఎన్ఏని. 1973లో కోహెన్, బోయర్ అనే శాస్త్రవేత్తలు బాక్టీరియాలో చేసి చూపించిన పద్ధతే దీనికి మూలం. ‘మానవ’ కూడా అంతే, మనిషి ఒంట్లోంచి తీశారని కాదు, అమినో ఆమ్లాల వరస మనిషిదని. తయారుచేసింది హామ్‌స్టర్ అండాశయ కణాలైనా కావచ్చు.

— మరి ఎలా రాయమంటారు?

— మొదటిసారి ‘మనిషి జన్యువు ఆధారంగా ల్యాబ్‌లో పెంచిన కణాల చేత తయారుచేయించిన గ్రాహక ప్రోటీన్’ అని విప్పి రాయండి. ఆ తర్వాత రీకాంబినెంట్ అనే వాడేయండి, ల్యాబ్‌లో తెలుగువాళ్లు అనేదీ అదే.

— మూలంలో ‘25 నుంచి 167 వరకు’ అని ఉంటే ఏదో కోడ్ అనుకుని వదిలేశాను. మొత్తం 288 అమినో ఆమ్లాల్లో ఆ బయటి భాగమన్నమాట! ఇప్పుడే చేర్చాను.