మూతి దగ్గర పుండ్లు, పక్క బెంచీలో గొంతు నొప్పి: రెండూ ఒకటేనా?

ప్రశ్న (మూడో తరగతి టీచర్)
ఈ వారం మా తరగతిలో నలుగురికి జ్వరం, గొంతు నొప్పి. ఇద్దరికి మూతి చుట్టూ పుండ్లు, వాటి మీద తేనె రంగు పక్కు. రెండిటికీ సంబంధం ఉందా? ఎన్ని రోజులు బడికి పంపొద్దని చెప్పాలి? బెంచీలు ఫినాయిల్‌తో కడిగిస్తే చాలా?

పిల్లల డాక్టర్
ఉండొచ్చు మేడం. స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్ (స్ట్రెప్) అనే బాక్టీరియా గొంతులో చేరితే గొంతు నొప్పి, చర్మం మీద చేరితే పుండ్లు. పుండ్లకు స్టాఫిలోకాకస్ అనే ఇంకో బాక్టీరియా కూడా కారణమే.

దగ్గు, ముక్కు కారడం ఉంటే చాలావరకు వైరస్సే, యాంటీబయాటిక్ అక్కర్లేదు. దగ్గు లేకుండా ఒక్కసారిగా జ్వరం, టాన్సిల్స్ మీద చీము, దవడ కింద నొక్కితే నొప్పెట్టే బిళ్లలు ఉంటే గొంతు స్వాబ్ పరీక్ష (దూది పుల్లతో గొంతు తుడిచి చేసేది) చేయించాలి.

మందు మొదలుపెట్టి 24 గంటలు గడిచి, జ్వరం తగ్గితే బడికి రావచ్చు. పుండ్లను గాజుగుడ్డతో కప్పి పంపాలి.

స్ట్రెప్ గొంతు నొప్పికి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే 10 రోజులూ వేయాలి. మూడో రోజుకే నొప్పి పోతుంది, చాలా ఇళ్లలో అక్కడే ఆపేస్తారు. అలాంటప్పుడు రుమాటిక్ జ్వరం రావొచ్చు: రెండు మూడు వారాలకు కీళ్లు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతినొచ్చు. 5-15 ఏళ్ల వాళ్లకే ఇది ఎక్కువ. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల్లోపు మందు మొదలుపెట్టినా దీన్ని అడ్డుకోవచ్చు, కాబట్టి ఆలస్యమైందని వదిలేయొద్దని తల్లిదండ్రులకు చెప్పండి.

స్కూల్ హెల్త్ నర్సు
బెంచీల కంటే గోళ్లు చూడండి. ముక్కులో పెట్టిన వేలితోనే దోమ కుట్టిన చోట గోకుతారు. తోలు లేచిన ఆ చోటే పుండవుతుంది. గజ్జి ఉన్న పిల్లలకు ఇంకా తేలిక, ముందు ఇంటిల్లిపాదీ ఒకే రోజు గజ్జికి మందు వాడాలి.

గొంతుది దగ్గు తుంపరలతో, ఎంగిలి సీసాలతో పోతుంది. కిటికీలు తెరవండి, ఎవరి సీసా వాళ్లదే.

చేతులు అందరూ ఒకే బకెట్లో ముంచితే లాభం లేదు. పారే నీళ్లు, సబ్బు, 20 సెకన్లు. సబ్బును వల సంచిలో కట్టి కుళాయికి వేలాడదీస్తే కిందపడదు, నానిపోదు. అందరికీ ఒకే తువ్వాలు ఉంటే తీసేయండి, చేతులు గాలికి ఆరనివ్వండి.

ఫార్మసిస్ట్
పుండ్లకు రాసే ట్యూబు మీద క్లోబెటాసాల్, బెక్లోమెథసోన్ అని ఉంటే అది స్టిరాయిడ్. ఎరుపు తగ్గుతుంది, లోపల బాక్టీరియా పెరుగుతుంది. డాక్టర్ ముపిరోసిన్ (యాంటీబయాటిక్ పూత మందు) రాస్తే, గోరువెచ్చని సబ్బు నీళ్లతో పక్కు నానబెట్టి మెల్లగా తీశాకే రాయాలి, రోజుకు రెండుసార్లు, 5 రోజులు. పక్కు మీదే పూస్తే మందు లోపలికి దిగదు.

పుండ్లు మానాక కూడా కొన్ని వారాలు పిల్లల మొహం గమనించండి. పొద్దున్నే కళ్ల కింద వాపు, డికాషన్ రంగు మూత్రం కనిపిస్తే అది స్ట్రెప్ తర్వాత వచ్చే కిడ్నీ జబ్బు కావచ్చు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.