విశాఖలో అవార్డుల సభ: ఈసారైనా కళాకారులకు మర్యాదగా జరపాలి, మీ అనుభవాలు చెప్పండి

పెదవాల్తేరు వాలంటీర్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. విశాఖలో ఒక చిన్న సాంస్కృతిక సంఘంలో పనిచేస్తున్నాను. ఏటా ఉత్తరాంధ్ర నాటకం, షార్ట్ ఫిల్మ్, టీవీ, జానపద కళల వాళ్లకు అవార్డులు ఇస్తాం. పోయినసారి సభ సాయంత్రం 6 గంటలకని కార్డు వేశాం. మొదలయ్యేసరికి ఏడుంబావు, అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. మొత్తం 34 అవార్డులు. జానపద విభాగాన్ని చివర్లో పెట్టాం. దాని వంతు వచ్చేసరికి ముందు మూడు వరసలు ఖాళీ.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన తప్పెటగుళ్ళ (గుండెకు తప్పెట కట్టుకుని ఆడిపాడే జానపద కళ) బృందం పెద్దాయన సాయంత్రం ఐదు నుంచే గజ్జెలు కట్టుకుని గ్రీన్ రూమ్‌లో కూర్చున్నారు. ఆయన స్టేజీ ఎక్కేసరికి జ్ఞాపిక ఇవ్వడానికి అతిథులెవరూ లేరు, అప్పటికే వెళ్లిపోయారు. మా సంఘంవాళ్లే ఒకరు ఇచ్చారు. పైగా ఇంటిపేరు తప్పు చదివాం. ఆయన ఏమీ అనలేదు, సభకు నమస్కారం పెట్టి దిగిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి సభ ఏర్పాట్లు నాకు అప్పగించారు. బడ్జెట్ పెద్దగా లేదు. ఇలాంటి సభలు జరిపినవాళ్లు, అవార్డు అందుకున్నవాళ్లు, ప్రేక్షకుల్లో కూర్చుని విసుగెత్తి మధ్యలో లేచి వచ్చేసినవాళ్లు, అందరూ చెప్పండి. రాసుకుంటాను.

పరిషత్తు మాస్టారు

బాబూ, ముందు లెక్క వేసుకో. ఒక్కో అవార్డుకి పేరు పిలవడం, మనిషి నడిచి రావడం, శాలువా, జ్ఞాపిక, ఫొటో, రెండు మాటలు, అన్నీ కలిపి నాలుగు నిమిషాలకు తగ్గదు. 34 అవార్డులంటే 136 నిమిషాలు. అంటే రెండుంబావు గంటలు. మరి మిగతా రెండున్నర గంటలు ఎవరు తిన్నారు? జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, వేదిక మీదికి ఒక్కొక్కరినీ పిలవడం, పిలిచిన అందరికీ దండలు, అందరి ప్రసంగాలు. మీ సభలో అతిథులు ఎంతమందో రాయలేదు కానీ ఎనిమిది మందికి తక్కువ ఉండరని నా అంచనా.

నలభై ఏళ్లుగా పరిషత్తు నాటకాల (పోటీ నాటకాల) వెంట తిరుగుతున్నాను. నేను చూసిన మంచి సభల్లో అతిథులు ముందు వరసలో కూర్చునేవారు. వేదిక మీద కుర్చీలే ఉండేవి కావు. ఎవరు ఏ అవార్డు ఇవ్వాలో వాళ్లు ఆ సమయానికి పైకి వచ్చి, ఇచ్చి, ఒక్క వాక్యం మాట్లాడి దిగేవారు. కుర్చీలు తీసేస్తే సగం సమస్య పోతుంది. ఎవరి కుర్చీ మధ్యలో, ఎవరిది పక్కన అనే పేచీ కూడా ఉండదు.

జానపదం చివర్లో పెట్టడం మాత్రం పెద్ద తప్పు. సభ మొదలయ్యేదే తప్పెటగుళ్ళతో కావాలి. గుండెకు కట్టుకున్న తప్పెట మోగితే బయట టీ తాగుతున్నవాడు కూడా లోపలికి వస్తాడు.

పెదవాల్తేరు వాలంటీర్

మాస్టారూ, అతిథులు పదకొండు మంది. ఆ లెక్క ఇలా వేసి చూడలేదు. కుర్చీలు తీసేయమంటే మా పెద్దలు ఒప్పుకుంటారా అన్నదే టెన్షన్.

గాజువాక సౌండ్

నేను సౌండ్, లైటింగ్ చేస్తాను. నిర్వాహకులు హాలు బుక్ చేస్తారు, ఎల్‌ఈడీ వాల్ బుక్ చేస్తారు, సౌండ్ చెక్‌కి టైమ్ మాత్రం ఇవ్వరు. ఆరింటికి సభ అంటే మాకు హాలు మధ్యాహ్నం రెండింటికల్లా చేతికి రావాలి. నాలుగున్నరకు యాంకర్, పాడేవాళ్లు, బృందాలు వచ్చి ఒక్కసారి స్టేజీ మీద నిలబడాలి. మీరేమో ఐదున్నరకి పూలమాలలు కడుతూ ఉంటారు.

తప్పెటగుళ్ళకి, థింసాకి (అరకు వైపు గిరిజనుల నృత్యం) కాలర్ మైకులు పనికిరావు. పదిహేను, ఇరవై మంది గెంతుతారు, వంగుతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు. స్టేజీ అంచున నేలకి దగ్గరగా రెండు మైకులు, పైనుంచి వేలాడే రెండు మైకులు పెడితే గజ్జెల చప్పుడు, పాట, తప్పెట అన్నీ సమంగా వస్తాయి. పాట ఎత్తుకునే ఒక్కరికి మాత్రం విడిగా మైకు ఇవ్వాలి. థింసా అయితే వలయంగా తిరుగుతారు కాబట్టి పోడియం, దీపం స్టాండు, పూలకుండీలు ముందే పక్కకి తీసేయండి. ఒక సభలో ఆడవాళ్లు చేతులు పట్టుకుని తిరుగుతూ పోడియం దగ్గరికి వచ్చినప్పుడల్లా వలయం విడిపోయింది. చూస్తూ ఉండటం నావల్ల కాలేదు.

కార్డ్‌లెస్ మైకుకి ప్రతి గంటన్నరకీ కొత్త బ్యాటరీ వేయండి. ఇంకా మిగిలి ఉందిలే అని చూడకండి. అవార్డు తీసుకున్నవాళ్లు మాట్లాడేటప్పుడు మైకు ఆగిపోతే ఆ నిమిషం మళ్లీ రాదు.

అమ్మకి వచ్చిన అవార్డు

మా అమ్మ రంగస్థల నటి. వయసు 71. రెండేళ్ల కిందట ఒక సంస్థ జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చింది. చాలా సంతోషించాం. కానీ స్టేజీకి ఏడు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మోకాళ్ల నొప్పులు అని ముందే చెప్పాం. ఇద్దరు కుర్రాళ్లు చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. వేదిక మీద రాణి వేషంలో ముప్ఫై ఏళ్లు నిలబడ్డ మనిషి ఆవిడ. అలా ఎక్కాల్సి వచ్చినందుకు ఇంటికొచ్చి ఏడ్చింది.

ర్యాంపు లేకపోతే అవార్డే కిందికి తీసుకురండి. ముందు వరస దగ్గర ఒక లైటు, ఒక మైకు పెట్టి, ఇచ్చేవాళ్లు దిగి వచ్చి ఇస్తే అందులో తక్కువేమీ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ప్రజలు వచ్చే భవనాల్లో ర్యాంపు ఉండాలి. అయితే చాలా హాళ్లలో అది ప్రేక్షకుల గేటు వరకే ఉంటుంది, స్టేజీ దాకా ఉండదు. హాలు చూడటానికి వెళ్లినప్పుడు స్టేజీ వెనక వైపు కూడా చూసుకోండి.

ఇంకొకటి. మాకు రెండే పాసులు ఇచ్చారు. మనవలు బయట లాబీలో ఫోన్‌లో లైవ్ చూశారు. అవార్డు వచ్చినవాళ్ల కుటుంబానికి ముందు వరసల్లో కనీసం ఆరు సీట్లు పెట్టండి.

మైకు పట్టే అమ్మాయి

నేను యాంకరింగ్ చేస్తాను. పేర్లు తప్పు చదివినప్పుడు తిట్లు మాకే పడతాయి, అందులో అన్యాయం లేదు, చదివేది మేమే. కానీ జాబితా మా చేతికి వచ్చేది సభకి పావుగంట ముందు. అది కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో. ఉత్తరాంధ్ర ఇంటిపేర్లు, ఊరి పేర్లు ఆ అక్షరాల్లో చదివితే ఏది దీర్ఘమో ఏది హ్రస్వమో తెలియదు.

ఇప్పుడు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. సభకి వారం ముందు అవార్డు వచ్చినవాళ్లందరినీ వాట్సాప్‌లో వాళ్ల పేరు, ఊరు, వాళ్లను ఎలా పిలిస్తే ఇష్టమో అది, వాళ్ల గొంతుతోనే చెప్పి పంపమంటాను. అవి విని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసుకుంటాను. ఒక బుర్రకథ కళాకారిణి తన గురువు పేరు కూడా కలిపి పిలవమన్నారు. అలాగే పిలిచాను. ఆవిడ స్టేజీ మీదికి వస్తూ మైకు దగ్గరికి కాదు, ముందు నా దగ్గరికి వచ్చి చేయి పట్టుకున్నారు.

జ్యూరీలో కూర్చున్నవాడిని

సభ గురించి అందరూ చెబుతున్నారు. ఎంపిక సరిగ్గా లేకపోతే ఎంత మంచి సభ జరిపీ లాభం లేదు.

ఒక నాటక పోటీలో ముగ్గురం న్యాయనిర్ణేతలం. ఒకాయన 100కి 60 దాటి వేయరు. ఇంకొకరు 85కి తగ్గరు. ముగ్గురూ అన్ని నాటకాలూ చూస్తే ఇబ్బంది లేదు. 60 దాటని ఆయనకి రెండో రోజు జ్వరం, రాలేదు. మిగతా ఇద్దరి సగటు తీశారు. దాంతో రెండో రోజు నాటకాలన్నీ పైకి వెళ్లాయి, మొదటి రోజువన్నీ కింద పడ్డాయి. ఇది ఎవరూ గమనించలేదు, నేను కూడా ఫలితాలు వచ్చాక ఇంటికెళ్లి కాగితం మీద వేసుకుంటే తెలిసింది. మొదటి రోజు ఆడిన ఒక మంచి నాటికకి అన్యాయం జరిగింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకని మార్కుల సగటు వద్దు. అన్నీ చూసినవాళ్ల మార్కులే లెక్కలోకి తీసుకోండి. లేదా ప్రతి ఒక్కరూ ఒకటి, రెండు, మూడు అని వరస రాసి ఇవ్వాలి.

మన ప్రాంతంలో నాటకంవాళ్లంతా ఒకరికొకరు గురువో శిష్యుడో అవుతారు. తన శిష్యుడి నాటకం వచ్చినప్పుడు ఆ న్యాయనిర్ణేత మార్కులు వేయకూడదని ముందే కాగితం మీద రాయించుకోండి. నంది అవార్డులు 1964లో మొదలయ్యాయి. 2014, 2015, 2016 మూడేళ్ల నందులను 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించినప్పుడు ఎంత గొడవైందో అందరం చూశాం. ఏ ఏడాది అవార్డు ఆ ఏడాదే ఇవ్వాలి. ఎందుకు ఇచ్చామో రెండు వాక్యాల్లో రాసి వేదిక మీద చదవాలి. "ఉత్తమ నటుడు" అని ఊరికే పిలవడానికీ, ఏ సన్నివేశంలో ఆయన ఏం చేశారో చెప్పి పిలవడానికీ చాలా తేడా ఉంది.

అరకు రోడ్డు

థింసా బృందాలను తీసుకొచ్చేది నేను. అరకు నుంచి విశాఖకి దాదాపు 115 కిలోమీటర్లు, మధ్యలో ఘాట్ రోడ్డు. రాత్రి పన్నెండు దాటాక సభ వదిలితే ఇరవై మంది ఆడవాళ్లు ఎక్కడికి వెళ్తారు? ఒకసారి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తెల్లవారేదాకా కూర్చున్నాం. బస, రాత్రి భోజనం, తిరుగు బండి, ఈ మూడూ మాట్లాడాకే పిలవండి. శాలువా బదులు ఆ డబ్బు బండికి పెట్టినా మేం ఏమీ అనుకోం.

తేదీ కూడా చూసుకోండి. సంక్రాంతికి తప్పెటగుళ్ళవాళ్లు దొరకరు. ఆ తర్వాత ఊళ్లలో అమ్మవారి జాతరలు మొదలవుతాయి. చైత్రంలో మా గిరిజన ఊళ్లలో ఇటుకల పండగ. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరాన్ని ఏం చేసిందో మర్చిపోలేం. జనవరి చివరి వారం, ఫిబ్రవరి మొదటి వారం మధ్య అయితే అందరికీ కుదురుతుంది.

ఎంవీపీ కుర్రాడు

హాలు ఎందుకండీ, ఆర్కే బీచ్‌లో పెడితే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు కదా? షార్ట్ ఫిల్మ్‌లు తీసే మా స్నేహితులంతా అదే అంటున్నారు.

గాజువాక సౌండ్

తమ్ముడూ, బీచ్‌లో చేశాను కాబట్టి చెబుతున్నాను. సాయంత్రం సముద్రపు గాలికి మైకులో హోరు వస్తుంది, కాగితాలు ఎగిరిపోతాయి. ఉప్పు తడికి కేబుల్ కనెక్షన్లు పాడవుతాయి. పైగా ఆరుబయట రాత్రి పది దాటాక లౌడ్ స్పీకర్ వాడకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం. మూసిన ఆడిటోరియంలో లోపలి మటుకు వాడుకోవచ్చు. బీచ్‌లో చేయాలని ఉంటే ముందురోజు సాయంత్రం రెండు గంటలు జానపద ప్రదర్శన పెట్టి, తొమ్మిదింటికి ముగించండి. దానికైతే నేనూ సరే అంటాను.

ఎంవీపీ కుర్రాడు

అది బాగుంది అన్నా. అవార్డు ఎవరికో తెలియకముందే జనం వాళ్ల ఆట చూసేస్తారు.

లెక్కల పుస్తకం

ఒక సంస్థకి ఖాతాలు చూస్తాను. స్పాన్సర్ల కోసం సభను పొడిగించకండి. ప్రతి అవార్డు మధ్యా ప్రకటన వేస్తే స్పాన్సర్‌కి కూడా చెడ్డ పేరే. చిన్న టికెట్ పెట్టండి. మనిషికి 500 రూపాయలు దాటకపోతే అవార్డు ఫంక్షన్ టికెట్‌కి జీఎస్టీ లేదు. 50, 100 పెట్టినా జనం సమయానికి వస్తారు, ఉచిత పాసుతో వచ్చేవాళ్లే ఆలస్యంగా వచ్చి ముందుగా వెళ్లిపోతారు.

అవార్డుల మధ్యలో సినిమా పాటల రికార్డులు వేస్తే ఐపీఆర్‌ఎస్, పీపీఎల్ (పాటల హక్కులు చూసే సంస్థలు) అనుమతులు కావాలి. యూట్యూబ్ లైవ్‌లో ఆ పాటలు వస్తే మధ్యలోనే శబ్దం ఆపేయొచ్చు. సన్నాయి, డోలు వాయించేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. కళాకారులకు పని ఇచ్చినట్టూ ఉంటుంది.

పరిషత్తు మాస్టారు

అందరూ బాగా చెప్పారు. నేను ఒప్పుకోని సంగతి ఒకటి ఉంది. కొందరు ఫోన్‌లో నాతో, విజేతల పేర్లు ముందే చెప్పేయాలి అన్నారు. చెప్పేస్తే హాలు నిండదు. చివరి నిమిషం దాకా ఎవరికి వస్తుందో అన్న ఆత్రం ఉండాలి.

అరకు రోడ్డు

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. ఇరవై మంది రెండు రోజుల కూలి వదులుకుని వస్తారు. వచ్చాక "మీకు కాదు, పక్కవాళ్లకి" అంటే ఆ ఆత్రం ఖర్చు వాళ్లే మోయాలి. మాకు ముందే చెప్పండి.

పెదవాల్తేరు వాలంటీర్

రెండు రోజులు ఇవన్నీ మా సంఘంలో చదివి వినిపించాను. ఒప్పుకున్నవి చెబుతాను. అవార్డులు 34 నుంచి 22. షార్ట్ ఫిల్మ్ విభాగంలో సాంకేతిక అవార్డులు ఐదూ వేరే రోజు, పబ్లిక్ లైబ్రరీ లాంటి చిన్న హాల్లో, గెలిచిన సినిమాలు చూపించి అక్కడే ఇస్తాం. వేదిక మీద కుర్చీలు ఉండవు. దీని మీద రెండు గంటలు వాదన జరిగింది, ఇద్దరు పెద్దలు ఇంకా అలిగే ఉన్నారు, ఇంటికెళ్లి మాట్లాడతాను. జానపద విభాగానికి, జీవిత సాఫల్యానికి పేర్లు నెల ముందే చెబుతాం. షార్ట్ ఫిల్మ్, నాటకం మాత్రం మాస్టారి మాట ప్రకారం వేదిక మీదే. స్టేజీకి కమ్మీ ఉన్న ర్యాంపు అద్దెకి మాట్లాడాను. ఆరింటికి తప్పెటగుళ్ళు, తొమ్మిదింబావుకి వందన సమర్పణ. బీచ్ ప్రదర్శనకి అనుమతి అడగాలి, అది ఇంకా తేలలేదు.

ఆదివారం శ్రీకాకుళం వెళ్తున్నాను. పోయినసారి పేరు తప్పు చదివిన పెద్దాయనకి క్షమాపణ చెప్పి, ఈసారి సభ ఆయన బృందంతోనే మొదలుపెట్టాలని అడుగుతాను. మైకు పట్టే అమ్మాయిగారూ, ఆయన పేరు ఆయన గొంతుతోనే రికార్డు చేసి మీకు పంపుతాను.

మైకు పట్టే అమ్మాయి

పంపండి. ఆయన ఊరి పేరు, గురువు పేరు కూడా అడగండి.

గాజువాక సౌండ్

ఎంతమంది వస్తారో, ఒకరి మీద ఒకరు ఎక్కినప్పుడు ఎంత ఎత్తు వస్తుందో కనుక్కుని చెప్పండి. పై మైకులు దాన్నిబట్టి కట్టాలి. ఆ నాలుగు మైకులకి నేను అద్దె తీసుకోను.