సినిమాలో పాచిక ఎప్పుడూ శకునిదేనా?

పళ్ళెంలో పాచిక:
నెలలో రెండు శనివారాలు మా ఇంట్లో నలుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. తలా ఒక పాత్రగా కథ నడుపుకుంటూ, చేయబోయే పని ఫలిస్తుందో లేదో పాచిక వేసి తేల్చుకునే ఆట అది; అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. ఇరవై ముఖాల పాచిక సోఫా కిందికి దొర్లిపోకుండా స్టీలు పళ్ళెంలో వేస్తాం. ఆ చప్పుడు వినగానే లోపలి గదిలోంచి మా అమ్మ “మళ్ళీ మొదలుపెట్టారా” అంటుంది. మొన్న నా పాత్ర, ఒక గాయకుడు, కోట కాపలావాణ్ణి మాటలతో బుట్టలో వేయబోయాడు. పాచిక మీద ఒకటి పడింది. నలుగురం చెరసాలలో పడ్డాం. ఆ రాత్రి మేం అనుకున్న కథ ఒక్క అడుగు కదల్లేదు. మూడు గంటలు చెరసాల గోడల మధ్యే గడిచాయి. ఇప్పటిదాకా మేం ఆడినవాటిలో అంత బాగా కుదిరిన రాత్రి లేదు.

మర్నాడు ఇదే ఆట ఆధారంగా 2023లో వచ్చిన ‘ఆనర్ అమంగ్ థీవ్స్’ సినిమా రెండోసారి చూశాను. హాయిగా నవ్వుకున్నాను. అయినా మనసులో ఒక ముల్లు మిగిలింది. ఏ అంకె పడుతుందో తెలియకపోవడమే కదా ఈ ఆటకు ప్రాణం! సినిమాలో అది తీసినవాళ్ళకు ముందే తెలుసు. శకుని పాచికల్లాగా వాళ్ళు అడిగిన అంకే పడుతుంది. అలాంటప్పుడు ఈ ఆటలను సినిమాలుగా తీస్తే మిగిలేది వేషాలూ రాక్షసులేనా? నేనైతే అవుననే అంటాను. మీరేమంటారు?

రెండో ఆట:
శ్మశానం సన్నివేశం చూసి కూడా ఈ మాట అంటున్నారా! శవాన్ని లేపి ఐదు ప్రశ్నలు అడగవచ్చు, ఆరోది లేదు. ఆట పుస్తకంలోని మంత్రానికీ అదే పరిమితి. మనవాళ్ళు “ఐదు అడగవచ్చు కదా” లాంటి పనికిరాని మాటలతో ఆ ప్రశ్నలన్నీ తగలేసుకుంటారు. ఇంకో శవాన్ని తవ్వుతారు. ఒక శవమైతే చివర పేర్లు పడుతున్నప్పుడు కూడా మిగిలిన ప్రశ్న కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఏ బల్ల దగ్గర జరగలేదండీ ఇది? నేను ఆట ఎప్పుడూ ఆడలేదు. సినిమా చూసి వచ్చాక మా తమ్ముడు “మేం ఆడేటప్పుడూ అచ్చం ఇంతే” అన్నాడు.

పళ్ళెంలో పాచిక:
శ్మశానం సంగతి ఒప్పుకుంటాను. కానీ అది ముందే రాసిపెట్టుకున్న ఓటమి. రాసిన ఓటమికీ పడిన ఓటమికీ తేడా లేదా?

రెండో ఆట:
అయితే వంతెన దగ్గరికి రండి. ఏ రాయి మీద ఎప్పుడు అడుగు వేయాలో ఒకాయన ఇంతసేపు వివరిస్తుంటాడు, మంత్రగాడు పొరపాటున కాలు పెడతాడు, వంతెన మొత్తం కూలుతుంది. అప్పుడు ఉన్నట్టుండి వాళ్ళ దగ్గరున్న చేతికర్ర అవతలికి దాటించగల మంత్రదండమని తేలుతుంది. ఆట నడిపే డంజన్ మాస్టర్ రాత్రంతా కూర్చుని కట్టుకున్న చిక్కుముడిని ఆటగాళ్ళు ఒక్క క్షణంలో పాడుచేస్తే ఏం చేస్తాడు? సరిగ్గా ఇదే చేయడూ! మీ డంజన్ మాస్టర్ మాత్రం మిమ్మల్ని చెరసాలలోనే కుళ్ళనిస్తాడా?

ఎఫ్8 బాధితుడు:
శకునిని మీరు తప్పు చోట వెతుకుతున్నారు. 2023 ఆగస్టులో ఇదే ఆట నియమాలతో బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట వచ్చింది. అందులో పాచిక నిజంగానే దొర్లుతుంది, తెర మధ్యలో, కళ్ళ ముందే. ఒకటి పడితే ఓటమి ఖాయం, ఎంత నైపుణ్యం ఉన్నా సరే. మరి నేను ఏం చేస్తాను? ఎఫ్8 మీట నొక్కుతాను. ఆట వెనక్కి, చివరిసారి భద్రపరిచిన చోటికి పోతుంది. మళ్ళీ వేస్తాను. మొన్న ఒక పెట్టె తాళానికి పది కావాలి. ఏడుసార్లు నొక్కాను. ఎనిమిదోసారి తెరుచుకుంది. లోపల ఏముందో తెలుసా? ఒక చెంచా, రెండు నాణేలు.

కంప్యూటర్ ముందు కూర్చుంటే నేనే శకుని. థియేటర్లో నాకు ఆ మీట లేదు. వంతెన కూలితే కూలినట్టే. ఓటమిని మింగడం నాకు సినిమాయే నేర్పుతోంది, ఆట కాదు.

బెంచీ టికెట్:
2000లో వచ్చిన మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ సినిమా మధ్యలో లేచి వెళ్ళిపోయినవాణ్ణి. కొత్తదాంట్లో చివరిదాకా కూర్చున్నాను, కానీ పళ్ళు కొరుకుతూ. ఆటలో గాయకులకు మంత్రాలుంటాయి కదా, ఇందులో గాయకుడు ఒక్క మంత్రమైనా వేయడేం? రూపాలు మార్చే ఆ అమ్మాయి గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్ళు ఉన్న మృగంగా ఎలా మారింది? నియమాల ప్రకారం మామూలు జంతువులుగానే మారాలి.

పనిలో పనిగా మొదటి పోస్టు పెట్టినవారికీ ఒక మాట. ఆట నియమాల 2014 నాటి ఐదో కూర్పులో ఒకటి పడితే తప్పక ఓడేది కత్తి దెబ్బకే. మాటలతో ఒప్పించేటప్పుడు నైపుణ్యం అంకె కలిపి చూడాలి. కలిపారా?

పళ్ళెంలో పాచిక:
కలిపాం స్వామీ. మొత్తం ఐదు వచ్చింది. కావలసింది పదిహేను.

ఎఫ్8 బాధితుడు:
ఆ గుడ్లగూబ ఎలుగుబంటిగా బాల్డర్స్ గేట్ 3లో మారవచ్చు, బెంచీ గారూ. అక్కడ కూడా పళ్ళు కొరికారా?

ఎడిసన్ బాబాయి:
న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మన సినిమాల మాట ఎవరూ ఎత్తరేం? ‘కల్కి 2898 ఏడీ’ని మా అబ్బాయి పక్కన కూర్చుని చూశాను. కథానాయకుడు భైరవ యూనిట్లు (అక్కడి డబ్బు) పోగేసుకుని, ఉన్నవాళ్ళుండే కాంప్లెక్స్‌లో అడుగు పెట్టాలని తిరుగుతుంటే వాడు “నాన్నా, వీడు చిన్న చిన్న పనులు చేసుకుంటూ స్థాయి పెంచుకుంటున్నాడు” అన్నాడు. అప్పు, అద్దె బాకీ, మాటలు వడ్డించే కారు... ఆటగాడి బతుకంతా అక్కడుంది. నాకు సినిమాలో నచ్చిన భాగమూ అదే. అశ్వత్థామ ముందు నిలబడి దెబ్బలు తిన్నప్పుడు, పరవాలేదు, వీడికీ తక్కువ అంకెలు పడతాయి అనిపించింది. మామూలుగా మన కథానాయకుడి పాచికకు ఇరవై ముఖాల మీదా ఇరవై అనే అంకే ఉంటుంది.

పళ్ళెంలో పాచిక:
బాబాయి గారి చివరి వాక్యం ఈ రాత్రి మా బల్ల దగ్గర చదువుతాను.

వంతెన విషయంలో రెండో ఆట గారిదే పైచేయి. బల్ల దగ్గరి తీరు సినిమాలోకి వస్తుంది, నేను అనుకున్నదానికన్నా బాగానే వచ్చింది. కానీ ఎఫ్8 మీట వాదన ఒప్పుకోను. ఆ మీట నొక్కేది మీ వేలు, ఆట నేరం కాదు. పైగా సినిమాలో వంతెన కూలితే మీరు మింగింది ఏముంది, పాప్‌కార్న్ తప్ప? అక్కడ తప్పు చేసింది మంత్రగాడు. ఇక్కడ కాపలావాడితో వెకిలిగా మాట్లాడింది నేను. ముగ్గురు స్నేహితులు ఇప్పటికీ నన్నే తిడుతున్నారు.

రెండో ఆట:
సరే, అది వదిలేద్దాం. చెరసాలలోంచి బయటపడ్డారా లేదా?

పళ్ళెంలో పాచిక:
ఇంకా లేదు. తాళానికి పద్నాలుగు కావాలి. అమ్మ పడుకున్నాక వేస్తాం, ఈసారి పళ్ళెంలో తువ్వాలు పరిచి.