బండి మీద తిరిగేవాళ్లకు ఏ బ్లూటూత్ స్పీకర్ నయం? బతుకమ్మకూ పనికిరావాలి

పాకాల బాటసారి:
మాది హన్మకొండ. ఆదివారం వస్తే నలుగురు దోస్తులం బండ్ల మీద పాకాలకో, లక్నవరానికో పోతాం. ఇన్నాళ్లూ ఫోన్‌లోనే పాటలు విన్నాం. ఇప్పుడు 3 వేల లోపు స్పీకర్ కొందామనుకుంటున్నాను. బ్యాగులో పట్టాలి, వానకు తడిసినా ఆగిపోవద్దు. బతుకమ్మ ఆడేటప్పుడు వాడలో పెట్టుకుంటానని అమ్మ కూడా అంటున్నది. ఒక షాపులో 1000 వాట్ల డబ్బా చూపించారు. పక్క షాపులో 10 వాట్లదే అంతకంటే ఎక్కువ ధర చెప్పారు. ఏది నమ్మాలో అర్థం కావట్లేదు. వాడినవాళ్లు చెప్పండి.

కాజీపేట రిపేర్:
తమ్మీ, నేను రోజూ ఫోన్లు, స్పీకర్లు విప్పేవాణ్ని. 1000 వాట్ల పక్కన పీఎంపీవో అని ఉందేమో చూడు. అది రెప్పపాటు మాత్రమే వచ్చే శక్తి లెక్క, దానికి అందరూ ఒప్పుకున్న కొలతే లేదు. పాట నడిచినంతసేపూ ఇచ్చే శక్తిని ఆర్‌ఎంఎస్ అంటారు, అదే అడుగు. అరచేతిలో పట్టే జేబీఎల్ గో 3కి అది 4.2 వాట్లే, అయినా ఒక గదికి సరిపోతుంది. 5 వాట్ల నుంచి 10కి పోతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, అంటే చెవికి కొద్దిపాటి తేడానే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పదింతల శక్తి కావాలి. అందుకని 8కీ 10కీ తేడా చూసి డబ్బులు ఎక్కువ పెట్టకు.

నీళ్ల సంగతికొస్తే, నీళ్లను, దుమ్మును ఎంత తట్టుకుంటుందో ఐపీ అనే గుర్తు చెబుతుంది. ఐపీఎక్స్5 అంటే పైపుతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుంది, మునిగితే గ్యారంటీ లేదు. ఐపీఎక్స్7 ఉంటే మీటరు లోతులో అరగంట ఆగుతుంది. ఐపీ67 అయితే దుమ్ము కూడా లోపలికి పోదు. బండి మీద పోయేవాళ్లకు వానకన్నా దుమ్ముతోనే ఎక్కువ బాధ, కాబట్టి 67 ఉన్నదే తీసుకో. ఇంకోటి, నా దగ్గరికి పాడై వచ్చేవి చాలావరకు తడి ఆరకముందే చార్జింగ్ పెట్టినవి. చార్జింగ్ పెట్టే చోటి మూత తెరిచి బాగా ఆరనివ్వాలి.

గోదావరిఖని షిఫ్ట్:
ఎండ గురించి ఎవరూ చెప్పలేదు. పోయిన మే నెలలో నేను స్పీకర్‌ను కారు డాష్‌బోర్డు మీద పెట్టి డ్యూటీకి పోయాను. వచ్చేసరికి పట్టుకోలేనంత కాలుతోంది. అప్పటి నుంచి 8 గంటలు నడిచేది 2 గంటలకే ఆగిపోయేది. నెల తర్వాత బ్యాటరీ ఉబ్బి, అడుగు భాగం పైకి లేచింది. లిథియం బ్యాటరీకి వేడి పడదు. మన ఎండల్లో బండి డిక్కీలో కూడా వదిలిపెట్టకండి. ఉబ్బిన తర్వాత మళ్లీ చార్జింగ్ పెట్టడం ప్రమాదం. కంపెనీ చెప్పే గంటలు కూడా మధ్యస్థ వాల్యూమ్‌కు చెప్పేవి, ఫుల్లు పెడితే అంతసేపు రాదు.

జనగామ డప్పు:
నేను డప్పు వాయిస్తాను, కాబట్టి నాకు ముందు పలుకు ముఖ్యం. షాపులో విని మోసపోకండి. లోపల గోడలకు, కప్పుకు తగిలి బేస్ నిండుగా వినిపిస్తుంది. అదే స్పీకర్ చెరువు కట్ట మీద పెడితే దరువు పలచబడిపోతుంది, తగిలి తిరిగి రావడానికి అక్కడ గోడే లేదు కదా. రెండంగుళాల స్పీకర్ 100 హెర్ట్జ్ కింది లోతైన శబ్దాన్ని గట్టిగా పలికించలేదు. అందుకే పక్కల్లో వైరు లేని రబ్బరు పొరలు పెడతారు, లోపలి గాలికి అవి ఊగి బేస్‌ను ఆదుకుంటాయి. వాటిని పరుపుకో, బ్యాగుకో ఆనిస్తే మొత్తం మూసుకుపోతుంది.

నేను కొనేటప్పుడు నాకు బాగా తెలిసిన పాట ఒకటి ఫోన్‌లో పెట్టుకుని పోయాను. షాపతన్ని అడిగి స్పీకర్‌ను బయట మెట్ల మీదికి తెచ్చాను. వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి పది అడుగులు వెనక్కి నడిచాను. డప్పు 'డం' అని పలకాలి. మూడింటిలో రెండు 'టప్' అన్నాయి, వాటిలో ఒకదాంట్లో గొంతు కూడా చీలిపోయింది. తర్వాత మిగిలినదాన్ని గోడ దగ్గర పెట్టి చూస్తే బేస్ పెరిగింది. బయట ఆడించేటప్పుడు బండరాయో, చెట్టు మొదలో వెనక ఉండేలా పెట్టుకోండి, ఉత్త మైదానంలో పెట్టకండి.

తాడ్వాయి టీచర్:
మా దగ్గర కొన్నిచోట్ల సిగ్నల్ రాదు. మెమరీ కార్డు, ఎఫ్‌ఎం ఉన్నది తీసుకుంటే ఫోన్ లేకుండానే పాడుతుంది.

కాజీపేట రిపేర్:
టీచరు గారూ, బ్లూటూత్‌కు సిగ్నల్ అక్కర్లేదు. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు. నీళ్లు తట్టుకునే చిన్నవాటిలో కార్డు పెట్టే చోటు చాలావాటికి ఉండదు. రెండూ కావాలంటే వెతుక్కోవాలి.

తాడ్వాయి టీచర్:
నిజమే. కానీ మా అమ్మది బటన్ ఫోన్, ఆమెకు కార్డే సుఖం. బాటసారి గారూ, పాకాల అభయారణ్యం. అక్కడ పక్షులు, జంతువులు ఉంటాయి. చుట్టూ కూర్చున్న నలుగురికి వినపడేంత పెట్టుకోండి. రైల్లో అయితే స్పీకర్ వద్దు, ఇయర్‌ఫోన్లే పెట్టుకోవాలి.

వరంగల్ అక్క:
బతుకమ్మ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మేము గుండ్రంగా తిరుగుతూ ఆడతాం. స్పీకర్ ముందువైపే పలికేదైతే వెనక ఉన్నవాళ్లకు మాటలు అందవు, చప్పట్లు తప్పుతాయి. నిరుడు మాకు అట్లనే అయింది, సగం మంది 'ఉయ్యాలో' ఒకసారి ముందు, ఒకసారి వెనక అన్నారు. నాలుగు దిక్కులా పలికేది చూడండి. లేకపోతే రెండింటిని జత చేసే సౌకర్యం ఉన్నది తీసుకుని, బతుకమ్మలకు అటొకటి ఇటొకటి పెట్టండి. జత చేయాలంటే మామూలుగా రెండూ ఒకే కంపెనీవి అయ్యుండాలి. వాడంతా ఆడే చోటికి 10 వాట్లు చాలవు, పదిహేను మందికైతే సరిపోతుంది. బేస్ తగ్గించి, గొంతు విడిగా వినపడేలా పెట్టండి. రాత్రి పది దాటితే బంద్ చేయాల్సిందే, రూలు అదే.

పాకాల బాటసారి:
అందరికీ దండాలు. డప్పు అన్న చెప్పినట్టే మెట్ల మీద పెట్టి విన్నాను. 1000 వాట్ల డబ్బా రెండో చరణానికే జీరబోయింది. 10 వాట్ల ఐపీ67ది, జత చేయగలిగేది తీసుకున్నాను. అక్క చెప్పినదాన్ని బట్టి రెండోది మా పిన్ని కొంటానన్నది. అమ్మ ఇప్పటికే పాటలు డౌన్‌లోడ్ చేయించుకుంటున్నది. సద్దుల బతుకమ్మ నాడు ఎట్లా పలికిందో వచ్చి రాస్తాను.