సమావేశంలో నోరు విప్పరు, గది దాటగానే మాట్లాడుకుంటారు: లోపం ఎక్కడుంది?

ప్రశ్న:
మా విభాగంలో పద్నాలుగు మందిమి పనిచేస్తున్నాం. వారం వారం సమీక్ష జరుగుతుంది, ఉమ్మడి ఫోల్డర్ ఉంది, ఈమెయిళ్లకు కొదవ లేదు. అయినా సరుకు ఆలస్యమవుతుందని ఇద్దరికి మూడు వారాల ముందే తెలిసి కూడా, గడువు రెండు రోజుల్లో ఉందనగా గాని ఆ సంగతి నా చెవిన పడలేదు. "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగిన ప్రతిసారీ అందరూ నోటుపుస్తకాల్లోకి చూస్తూ కూర్చున్నారు, బయటికి వెళ్లాక మాత్రం అదే విషయం చెప్పుకునేవారని తర్వాత తెలిసింది. ఇంకేదైనా సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవాలా?

మొదటి సమాధానం:
ఇది సాఫ్ట్‌వేర్‌తో తీరేది కాదు. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక కూలిపోవడానికి ముందు రాత్రి, రాకెట్ అతుకుల్లోంచి వేడి వాయువు బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయాలైన ఓ-రింగులు చలికి సరిగా పనిచేయకపోవచ్చనీ, ప్రయోగం వాయిదా వేయాలనీ బూస్టర్ రాకెట్ల తయారీ సంస్థ ఇంజినీర్లు ఫోన్ సమావేశంలో గట్టిగానే వాదించారు. ఆ సలహా నాసా అధికారులకు రుచించలేదు. దాంతో సంస్థ యాజమాన్యమే తన ఇంజినీర్ల మాట పక్కనపెట్టి అనుమతి ఇచ్చింది. ఏడుగురు చనిపోయారు. ప్రయోగంపై తుది నిర్ణయం తీసుకున్నవారికి ఆ అభ్యంతరం చేరనే లేదని, ఆ ప్రమాదంపై ఏర్పాటైన రోజర్స్ కమిషన్ విచారణలో తేలింది. సమాచారం ఉంది, ఫోన్ ఉంది, చెప్పినవారూ ఉన్నారు. మధ్యలోని మెట్టు దగ్గర అది ఆగిపోయింది. మీ దగ్గర చెడు కబురు మోసుకొచ్చినవారికి గతంలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

రెండవ సమాధానం:
భయం ఒక్కటే కారణమని నేననుకోను. ఏటా ఒకరితో ఒకరిని పోల్చి రేటింగ్ ఇచ్చే చోట, తనకు తెలిసింది పక్కవారికి చెప్పడమంటే తన పైచేయి వదులుకోవడమే అవుతుంది. మరొక మాట: అంతా సవ్యంగా ఉందనే నివేదికలను చూసి మోసపోకండి. ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను పరిశీలించిన పరిశోధకురాలు అమీ ఎడ్మండ్సన్, మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదవడం గమనించారు. వాటిని దాచకుండా చెప్పుకోగలగడమే అందుకు కారణమని ఆమె భావించారు.

ప్రశ్న అడిగినవారు:
మొదటి సమాధానం చదివాక ఒకటి గుర్తొచ్చింది. నిరుడు ఒక జూనియర్ ఉద్యోగి, గడువులోగా పని పూర్తి కాదని నిండు సమావేశంలో లేచి చెబితే, "ఇప్పుడా చెప్పేది?" అని అందరి ముందూ కసిరాను. ఆలస్యం సంగతి తెలిసిన ఆ ఇద్దరిలో ఆయన ఒకరు. రేపు ఆయనతో మాట్లాడి, వచ్చే సమీక్షలో అందరి ముందే క్షమాపణ చెబుతాను.